గట్టు లేని నీళ్ళు

జల్లెడ ఏదని భూషణం అడిగేసరికి సోమక్క గోధుమపిండిని జల్లించకుండానే కలిపేస్తోంది. పదిహేను రోజులుగా ఆ ఇంటి జల్లెడ ఇంట్లో లేదు. గని కంపెనీ పార్కులో, కప్పల తొట్టి పక్కన మందారపు పొదలో ఉంది. చచ్చిన కప్పపిల్లల్ని నీళ్ళ మీంచి తియ్యడానికి అంతకంటే పనికొచ్చే వస్తువు ఆమెకు దొరకలేదు.

"పిండి జల్లెడతో కప్పల్ని ఏరుతున్నావంట. కాలనీ అంతా నవ్వుతోంది" అన్నాడు భూషణం.

ఏరమన్నది పార్కు చూసే మీ మిశ్రా బాబే కదా అంది సోమక్క. ఏరమంటే ఇంట్లో సామాను పెట్టి ఏరమన్నాడా అని అతను టిఫిన్ డబ్బా అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, రేపు దంతెవాడ నుంచి తొట్టి తనిఖీకి జాంచ్ వాళ్ళొస్తున్నారనీ, వాళ్ళ ముందు నోరు తెరవొద్దనీ, తనే వచ్చి మాట్లాడతాననీ చెప్పాడు. "నీ 'ఏంది' భాష ఎవడికర్థమవుతుంది?"

ఇరవై ఆరేళ్ళుగా ఆమె తరఫున అతనే మాట్లాడుతున్నాడు. గనిలో ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చినవాడు. తెలంగాణ సరిహద్దులోని తర్లగూడ పిల్లను చేసుకుని ఈ రెండు గదుల క్వార్టరుకు తెచ్చాడు. డాక్టరు దగ్గర ఆమె నొప్పి ఎక్కడుందో అతనే చెప్పాడు. పార్కులో ఊడ్చే పనికి కాంట్రాక్టరు ఆమెను పెట్టుకున్నప్పుడు, చేస్తుందని అతనే ఒప్పుకున్నాడు. ఆమె నాలుగింటికి లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, డబ్బా కట్టి, పార్కంతా ఊడ్చి, వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టిస్తుంది. భూషణం మాత్రం దాన్ని 'మా ఆవిడ షికారు' అంటాడు. అత్తగారు బతికున్న రోజుల్లో పుట్టింటికి పోయొస్తానని సోమక్క ఎప్పుడడిగినా ఒకటే జవాబు వచ్చేది. "ఇక్కడ తిండికి లోటా, నీళ్ళకి లోటా? ఇంకేం కావాలి నీకు?" ఏం కావాలో సోమక్కకు చెప్పడం వచ్చేది కాదు. అలా చెప్పలేకపోయిన ఏడాదే తర్లగూడలో తల్లి పోయింది. కబురు మూడోనాటికి అందింది.

ఆ తొట్టి కట్టి మూడు వానాకాలాలైంది. సోమక్కతో కలిసి పార్కులో పనిచేసిన కోసి అనే గోండు మనిషి ఊరు కొండ మీద ఉండేది, దాని కింద పాత చెరువు. గనిలో పనికిరాని మట్టి పోయడానికి ఆ చెరువు కావాలన్నారు. అందులో కప్పలున్నాయి, వాటికి వేరే చోటు చూపించకుండా పూడ్చకూడదని పైనుంచి కాగితం వచ్చింది. అందుకని పార్కులో నడుము లోతు తొట్టి కట్టి, నాలుగు పక్కలా నీలం పలకలు అంటించి, బకెట్లతో కప్పల్ని తెచ్చి వదిలారు. దాని పేరు కుండ్. పక్కన హిందీలో బోర్డు. రేషన్ దుకాణం పలకల మీద కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలతో సోమక్క ఆ బోర్డంతా చదివింది. అందులో ఎక్కడా అబద్ధం లేదు. కప్పలకు నీళ్ళిచ్చాం అని ఉంది, నీళ్ళు ఇచ్చారు.

తొలి వానకు గుడ్లు బాగానే పడ్డాయి. తోకపిల్లలు నల్లగా, గుంపులుగా, గసగసాలు పోసినట్టు తిరిగాయి. ఫొటోలు తీసుకున్నారు. ఆ తరవాత తోకలు కరిగి కాళ్ళొచ్చాయి. కాళ్ళొచ్చిన పిల్ల ఇంక నీళ్ళలో ఉండలేదు, ఒడ్డెక్కి గాలి పీల్చాలి. వేలిగోరంత ప్రాణాలు, పలకల వెంట ఈదుకుంటూ పోయి, మూల తిరిగి, మళ్ళీ మొదటికి వచ్చేవి. నున్నటి పలక మీద కాలు ఆనదు. ఒకదాని వీపెక్కి ఒకటి జారేది. రెండో రోజుకు తెల్లటి పొట్టలు పైకి తేలేవి.

సోమక్క మిశ్రాకు చెప్పింది. నీళ్ళలో కప్ప మునిగి చచ్చిందంటే బడిపిల్లలు కూడా నవ్వుతారు అన్నాడతను. ఓ పక్క మట్టి పోసి వాలు చెయ్యమని అడిగింది. నీళ్ళున్నాయి, తినడానికి దోమలున్నాయి, ఇంకేం కావాలి వాటికి అన్నాడు. ఆ మాట ఆమె ఎక్కడో విన్నట్టే ఉంది. చెక్కముక్క తెచ్చి వాలుగా ఆనిస్తే కుండ్ అందం పోతోందని తీయించాడు. పొద్దున్నే ఎవరూ రాకముందు ఏరెయ్యి, అంతే అన్నాడు. మూడేళ్ళుగా ఏరుతోంది.

చెరువంటే నీళ్ళు సగమే అక్కా, మిగతా సగం గట్టు అని అప్పట్లో చెప్పింది కోసి. పార్కులో మొక్కలు నాటేటప్పుడు ఇద్దరూ ఒకే జట్టు. పాత చెరువు గట్టున బురదలో కూర్చోబెట్టి, ఏ కప్ప ఆకు కింద దాక్కుంటుందో, ఏది మట్టిలో దిగబడి ఎండాకాలం గడుపుతుందో గోండీలో ఒక మాటా తెలుగులో ఒక మాటా కలిపి చూపించింది. ఊరు ఖాళీ చేయించిన రోజు సామానంతా ట్రాక్టరుకెక్కించి, సోమక్క వచ్చేదాకా ఆగుదామని కోసి డ్రైవరును బతిమాలిందట. భూషణానికి రెండో షిఫ్టు. కూర ఉడకలేదు. డబ్బా కట్టిచ్చి పరిగెత్తేసరికి మలుపు దగ్గర దుమ్ము కూడా అణిగిపోయింది. పామేడు వైపు పోయారని ఒకరు, కాదని ఒకరు. తల్లి దగ్గరికీ చేరలేదు, కోసి దగ్గరికీ చేరలేదు. చేరలేకపోయిన ప్రతిసారీ ఏ వంట పొయ్యి మీదుందో సోమక్కకు గుర్తే.

రేపు కుండ్ బాగుందని జాంచ్ వాళ్ళు రాసుకుపోతే దసరాలోపు పాత చెరువు పూడుస్తారు. గని మట్టికి సగం ఎర్రబడినా ఆ కొండ కింద మిగిలిన గట్టు అదొక్కటే. బాగాలేదని రాస్తే మిశ్రాకు మాటొస్తుంది. భూషణం రిటైరయ్యాక కూడా క్వార్టరు ఇంకో రెండేళ్ళు ఉంచుకునేలా చూస్తానన్నది ఆ మిశ్రాయే. ఆ క్వార్టరులోంచి వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకున్న సోమక్క, ఇప్పుడది పోతుందంటే రెండు గదులూ ఒకసారి తిరిగి చూసుకుంది.

తెల్లారింది. వెళ్ళి కుండ్ అంచున నిలబడింది. రాత్రి వానకు నీళ్ళు తేటపడ్డాయి. మూలంతా తెల్లటి పొట్టలు. ఇంకా బతికున్నవి వాటి మధ్య తోవ చేసుకుంటూ గోడ వెంట తిరుగుతున్నాయి. ఆమె వంగలేదు. తొట్టి బయటి మెట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీగా ఉన్న తన చేతుల్ని ఎన్నాళ్ళకో చూసుకుంది. భయంగానే ఉంది.

తొమ్మిదింటికి మిశ్రా వచ్చి చూసి, ఇదేమిటి, ఇంకా ఏరలేదా అని అరిచాడు. ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగాడు. బాగానే ఉందంది. అతను చుట్టూ చూశాడు గాని ఆ పని చెయ్యడానికి ఇంకో మనిషి లేదు. తనే చెయ్యొచ్చన్నది అతనికి తట్టలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పుడే వచ్చాడు భూషణం.

"పిచ్చి పట్టిందా? లే!"

సోమక్క లేవలేదు. తిన్న పళ్ళెం ఏనాడూ తియ్యని భూషణం, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తొట్టి అంచున బోర్లా పడుకున్నాడు. జల్లెడ మందారపు పొదలో ఉందని అతనికి తెలియదు. చెయ్యి చాపితే నీళ్ళు అందలేదు. ఇంకాస్త జరిగి ఒకదాన్ని పట్టుకున్నాడు. అది వేళ్ళ మధ్య మెత్తగా విడిపోయింది. చొక్కాకే చెయ్యి తుడుచుకున్నాడు. అప్పటికే జీపు గేటు దాటి లోపలికొచ్చింది.

వచ్చిన ముగ్గురిలో నెరిసిన గడ్డం ఆయన నీళ్ళలోకి చాలాసేపు చూశాడు. ఎండ ఎక్కువైంది సార్ అని మిశ్రా ఏదో చెప్పబోయాడు. ఆయన వినకుండా, దీన్ని రోజూ చూసేదెవరని అడిగాడు. సోమక్క లేచింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా చస్తున్నాయి, ముందే ఎందుకు చెప్పలేదు అని ఆయన హిందీలో ఆమెనే అడిగాడు.

ఆ ప్రశ్న ఆమెకు బాగా తెలిసిన హిందీలోనే ఉంది. మిశ్రా దగ్గర ఇన్నేళ్ళు తిట్లు తిని నేర్చుకున్న హిందీ. జవాబు మాత్రం తెలుగులో, భూషణం వైపు తిరిగి చెప్పింది.

"మూడేండ్ల సంది నోటితో చెప్తనే ఉన్న, చేతులతో దాస్తనే ఉన్న. వీళ్ళకు నా చేతులు చేసిందే కనబడ్డది. ఇయ్యాల్టి నుంచి చేతుల పని మానుకున్న. ఒక్క పక్క గట్టుంటే ఇవి ఎక్కిపోయేటివి. పాత చెరువుకు ఆ గట్టుంది, దాన్ని పూడ్చనియ్యకండ్రి అని చెప్పు."

ఆమె ఏమంది అని గడ్డం ఆయన భూషణాన్ని అడిగాడు. మిశ్రా కూడా భూషణం వైపే చూస్తున్నాడు. భూషణం గొంతు సవరించుకున్నాడు. సోమక్క ఒక అడుగు దగ్గరికి జరిగి, ఒక్క మాట తప్పు చెప్పినా హిందీలో దిద్దడానికి అతని పక్కనే నిలబడింది.