రోజుకి అయిదు ఉత్తరాలు

టైపక్క కీబోర్డుని తలకిందులు చేసి మళ్ళీ దులిపింది. దాంట్లోంచి రొట్టె పొడి, రెండు వెంట్రుకలు, ఎండిపోయిన ఎర్రరంగు పెచ్చు ఒకటి రాలాయి. రంగు పెచ్చు వదినది. వదిన ఎక్కడ నిలబడితే అక్కడ రంగు రాలుతుంది, ఏది ముట్టుకుంటే దానికి అంటుతుంది. తుడవాల్సింది మాత్రం టైపక్క. "దీనికీ నేనే దొరికానా" అని గొణుక్కుంటూ ఆ పెచ్చుని గోటితో చెత్తబుట్టలోకి నెట్టింది.

ఆమె అసలు పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. లాయరు దగ్గర టైపిస్టుగా చేసిన రోజుల్లో ఆఫీసంతా టైపక్క అనేది. ఆఫీసు మూతపడింది, లాయరు పోయాడు, ఆ పేరు మాత్రం ఆమెని పట్టుకుని అన్నగారింటికి వచ్చేసింది. యాభైకి దగ్గర పడిన మనిషి. సన్నగా పొడుగ్గా ఉంటుంది, మెడ కాస్త ముందుకి వంగింది, చిటికెన వేళ్ళు రెండూ బయటికి వంకర తిరిగాయి. పాత మిషను మీద కొట్టిన అలవాటు పోక ఒక్కో అక్షరాన్నీ పగబట్టినట్టు కొడుతుంది. గోడ అవతల బొమ్మలు వేసుకునే వదినకి ఆ చప్పుడంటే ఒళ్ళుమంట.

వదిన చిత్రకారిణి. ముందుగదిలో ఆమె బొమ్మలు, వెనక ఒకప్పటి సామాన్ల కొట్టులో టైపక్క, ఆమె బల్ల, కంప్యూటరు. మధ్యలో తలుపు లేదు, గుమ్మం మాత్రం ఉంది. అన్నయ్య పొద్దున్నే డ్యూటీకి పోతాడు. ఈ ఇద్దరి మధ్యా నోరు విప్పడం ఎప్పుడో మానేశాడు. మరీ రచ్చయితే "మీరూ మీరూ చూసుకోండి" అని కంచం పట్టుకుని పక్కగదిలోకి తప్పుకుంటాడు.

వదిన బొమ్మలు నచ్చి, కొత్తవి వేసినప్పుడు కబురు చెయ్యమని మెయిలు అడ్రసు ఇచ్చినవాళ్ళు కొన్ని వందల మంది ఉన్నారు. వాళ్ళకి వదిన పేరుతో ఉత్తరాలు రాసి పంపడం టైపక్క పని. తిండికి బదులు పని అని పైకి ఎవరూ అనలేదు. వడ్డించేటప్పుడు వదిన గరిటెని గిన్నెకేసి కొట్టే తీరులో ఆ మాట స్పష్టంగానే వినపడేది.

మొదట్లో నెలకొక్క ఉత్తరం. బొమ్మ కొనమని చివర్లో ఒక్క ముక్క ఉండేది, అంతే. తక్కినదంతా టైపక్క చూసినదే. కుంచెలు కడిగిన నీళ్ళు తూములోకి తిరుగుతూ పోయే తీరు, రాత్రి వేసిన నీలం తెల్లారేసరికి ఎండి ఇంకో రంగైపోవడం, వాన ముందు కిటికీ అద్దానికొచ్చే మసక. ఒక్కో ఉత్తరాన్ని వారాల తరబడి దిద్దుకునేది. వదిన వాటిని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. "ఎవరన్నా కొన్నారా?" అని మాత్రం అడిగేది.

ఆ ఉత్తరాలకి ఒకాయన తప్పకుండా జవాబు రాసేవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో, ఆగిపోయిన లిఫ్టు పైకప్పు మీద కూర్చుని చదువుతానని రాశాడోసారి. "మీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం ఆలస్యంగా తింటాను, ముందు ఇది అయితే గానీ" అన్నాడు మరోసారి. బొమ్మ ఒక్కటీ కొనలేదు. కొంటానని అబద్ధమూ ఆడలేదు. ఆ జవాబులన్నీ వదిన పేరుకే వచ్చేవి, అయినా అవి తనవేనని టైపక్కకి తెలుసు. బతుకులో ఆమెకంటూ వచ్చినవి అవే. నెలంతా ఆ నాలుగు ముక్కల కోసమే ఆమె ఆ కొట్టులో కూర్చునేది. ఇందులో దాచేదేముంది!

వదిన ఎక్కడో అమ్మకాల క్లాసుకి వెళ్ళొచ్చింది, దాంతో కొంప మునిగింది. రోజూ పంపాలట. పంపకపోతే జనం మర్చిపోతారట. టైపక్క కొన్నాళ్ళు పోట్లాడి, ఓడిపోయి, నెల రోజులుగా రోజూ పంపుతోంది. రోజూ రాయడానికి ఏముంటుంది? క్లాసులో ఇచ్చిన కాగితం చూసి అవే మాటలు తిప్పి తిప్పి కొడుతోంది. మెకానిక్కు నుంచి జవాబు లేదు. పని ఒత్తిడేమోలే అనుకుంది.

ఇవాళ వదిన తడి కుంచెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ప్రదర్శన దగ్గరకొచ్చింది. ఇవాళ్టి నుంచి పొద్దునొకటి, సాయంత్రమొకటి."

"ఒక్కదానికే జనం ఇక పంపొద్దని పేర్లు తీసేసుకుని పారిపోతున్నారు వదినా."

"పోయేవాళ్ళు ఎలాగూ కొనరు. మనం కళ్ళముందు కనపడుతూ ఉండాలి."

"దోమా కనపడుతూనే ఉంటుంది."

వదిన ముఖం కందగడ్డయింది. "నా బొమ్మలు దోమలా?"

"బొమ్మల్ననలేదు."

"నీకు నోరెక్కువైంది. పోయినవాళ్ళ పేర్లన్నీ మళ్ళీ కలుపు."

"కలపను. వద్దన్న మనిషికి మళ్ళీ రాయడానికి సిగ్గుండాలి."

"సిగ్గా? నా ఇంట్లో కూర్చుని, నా పేరు పెట్టుకుని, ముక్కూమొహం తెలీనివాళ్ళకి కబుర్లు రాసుకున్నదానివి నువ్వు! నాకు చెప్తున్నావా సిగ్గు సంగతి?"

ఆ మాట నిజం కాబట్టి టైపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండేం ఖర్మ! అయిదు పంపుతా. సాయంత్రానికి ఒక్కడు మిగులుతాడేమో చూద్దువుగాని!"

"పంపు. నీకంత తెగువుంటే పంపు," అంది వదిన, వెళ్ళిపోతూ.

పంపింది. 'ఇవాళే ఆఖరు' అని మొదటిది. 'మళ్ళీ చెప్తున్నాం, ఇవాళే ఆఖరు' అని రెండోది. 'మీరింకా చూడనే లేదు' అని మూడోది. ఎవడన్నా వెళ్ళిపోతే తెర మూల చిన్న గీతలా ఒక కబురు వస్తుంది. మధ్యాహ్నానికి అవి చీమల బారులా వచ్చాయి. టైపక్కకి పండగలా ఉంది. కుడిచేత్తో తింటూ, ఎడంచేత్తో తెరని కిందికి జరుపుతూ, "పో, నువ్వూ పో, హాయిగా పో" అని ఒక్కొక్కరినీ సాగనంపింది. వదిన పరువు చిల్లిగిన్నెలోంచి కారిపోతుంటే చూస్తున్నంత సంబరం. మెకానిక్కు పోడు. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, ఆయన సంగతి ఆమెకసలు తోచనే లేదు.

ఎండ వాలుతుండగా అయిదోది పంపి వేళ్ళు విరుచుకుంది. కాసేపటికి తెర మూల ఇంకో గీత. ఆయన పేరు.

టైపక్క కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. వెళ్ళేవాళ్ళు కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది. ఎవరూ రాయరు. ఆయన రాశాడు.

"ఈ ఉత్తరాలు రాసే ఆవిడ మానేసినట్టున్నారు. ఇప్పుడు రాస్తున్నది ఎవరో నేనెరగను. ఆవిడ ఎక్కడైనా కనపడితే నా నమస్కారాలు చెప్పండి."

టైపక్క కొత్త మెయిలు తెరిచింది. "ఆవిడ ఇక్కడే ఉందండీ" అని కొట్టింది. ఆయన అడ్రసు ఆమెకి కంఠతా వచ్చు. రెండు అక్షరాలు కొట్టి ఆగిపోయింది. చాలు బాబోయ్ అని తలుపేసుకున్న మనిషిని మళ్ళీ పిలవడమేనా? పొద్దుటి నుంచీ ఊరిమీద పడి చేసిన పని అదేగా! అక్షరం తరవాత అక్షరం చెరిపేసింది. చేజేతులా చేసుకున్నాను, ఎవర్నని ఏం లాభం అనుకుంది. ఏడుపు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"అమ్మాయ్!" వదిన పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "రెండు బొమ్మలు అమ్ముడుపోయాయి! ఒక్కరోజులో! నీ మాట విని అన్నాళ్ళు నెలకొకటని కూర్చున్నాను చూడు, నన్ననాలి." అంతలో టైపక్క కళ్ళు చూసింది. "ఇదేంటి? నా బొమ్మలు అమ్ముడుపోతే నీకు ఏడుపా?"

"కాదు వదినా. రంగుల ఘాటు."

"అవునవును, ఇన్నేళ్ళూ లేని ఘాటు! కడుపుమంటకి మందు లేదమ్మా. లే, వచ్చి ఓ చెయ్యి వెయ్యి."

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని బొమ్మలు దించారు. వదిన తీగలు కత్తిరించి, గుడ్డ చుట్టి, ఒక్కొక్కటే బయటికి మోసుకుపోయింది. పోతూ పోతూ అంది, "రేపట్నుంచి రోజూ అయిదు. నాకు చూపించక్కర్లేదు, నువ్వే రాసెయ్. బానే రాస్తున్నావ్ ఇప్పుడు."

"అలాగే వదినా," అంది టైపక్క.

తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. రేపటి మొదటి ఉత్తరం తెరిచి 'ఇవాళే ఆఖరు' అని కొట్టింది. గుమ్మంలోంచి చూస్తే ముందుగది గోడ మీద రెండు మేకులు మిగిలాయి. ఒకదానికి కత్తిరించిన తీగ ముక్క ఇంకా వేలాడుతోంది.