కాళ్ళవైపు గోడ

చెంగయ్య వెంకటేశ్వరస్వామి పటాన్ని ఒళ్ళో బోర్లించుకుని, వెనక చెక్కకు చివరి మేకు కొట్టాడు. ఆ చెక్క మామిడికాయల పెట్టెది. సీజను అయిపోగానే చిత్తూరులో అలాంటి పెట్టెలు చవగ్గా దొరుకుతాయి. అందుకే బజారువీధిలో ఆయన కట్టే పటాలన్నిటికీ వీపున కాస్త మామిడి వాసన ఉంటుంది.

పటం తిప్పి, అద్దం తుడిచి, తడిపిన కుంకం చిటికెడు తీసి స్వామి పాదాల దగ్గర బొట్టు పెట్టాడు. ఆయన లెక్కలో బొట్టు పడేదాకా అది కాగితం, పడ్డాక దేవుడు. ఆ తర్వాత దాన్ని దాటడు, కాళ్ళ దగ్గర ఉంచడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, చెంగయ్య మాత్రం బొట్టు పెట్టడానికి ఏనాడూ వెనకాడలేదు. ఆయన వేళ్ళ నిండా అద్దం కోసిన గీతలు, గోళ్ళ సందుల్లో కుంకం ఎరుపు.

ఊళ్ళో ఎన్ని గోడల మీదో ఆయన పటాలున్నాయి. కట్టమంచిలోని ఆయన ఒంటిగది ఇంట్లో ఒక్కటే ఉంది. ఆ లక్ష్మీదేవి కూడా మంచం పట్టిన భార్య దేవకమ్మకు కనిపించదు, తల వెనక ఉంటుంది. ఇరుకు గదిలో మంచం మరోలా పట్టదు. మెడ తిప్పలేని ఆ మనిషికి రోజంతా కనిపించేది కాళ్ళవైపు బోడిగోడే. అక్కడ దేవుణ్ణి పెడితే ఆమె కాళ్ళు దేవుడివైపు చాచినట్టు అవుతుంది. పెద్దాసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోయేలోగా ఆమె కళ్ళకు గోడ కాక మరేదైనా చూపించాలని చెంగయ్యకు ఒకటే తపన.

పోయిన వారం కుప్పుస్వామి చుట్టిన కాగితాలు మూడు తెచ్చి ఇచ్చాడు. రంగూన్‌లో బట్టల కొట్టు నడిపి తిరిగొచ్చినవాడాయన.

"చీనా బొమ్మలప్పా. పెట్టెలో పడుండాయి. నువ్వే ఉంచుకో."

"సాములా, ఉత్త బొమ్మలా?"

"ఆళ్ళకి సాములే. మనకేంది?"

ఆ మాటకు చెంగయ్య ప్రాణం లేచొచ్చింది. ఒక్కో బొమ్మ కథా అడిగి మరీ తెలుసుకున్నాడు.

ఈరోజు ఆ మూడింటికీ అద్దాలు బిగించాడు. కుంకం సీసా జోలికి మాత్రం పోలేదు. మధ్యాహ్నం కొట్టు మూసి, సైకిలు మీద ఇంటికి తెచ్చి, కాళ్ళవైపు గోడకు మంచం ఎత్తులోనే వరసగా తగిలించాడు.

దేవకమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఎన్నో నెలల తర్వాత నవ్వింది.

"పాముకి కాళ్ళేందయ్యా?"

"చీనా పాములకు ఉంటాయంట."

"ఆ బట్టతల తాత సేతిలో సేందూర మామిడికాయ. మనూరోడే." ఆమె చూపు మూడోదాని మీద ఆగింది. ఒక ఆడమనిషి పైట ఎగురుతుండగా చందమామ వైపు తేలిపోతోంది. "ఆయమ్మ యాడికి పోతా ఉండాది?"

"ఏందో మందు తాగిందంట. ఒళ్ళు తేలికై చందమామకాడికి పొయ్యింది."

"మొగుడు?"

మొగుడు నేల మీదే మిగిలిపోయాడని కుప్పుస్వామి చెప్పాడు. "ఎనకాలే పొయ్యుంటాడు," అన్నాడు చెంగయ్య.

"పాపం, మొగాన బొట్టు ల్యాదే. రవ్వంత పెట్టయ్యా."

"పెడితే సామయిపోతాది మే. ఆడ ఉంచకూడదు, తీసెయ్యాల. ఉత్త బొమ్మనే సూడు."

దేవకమ్మ ఆయమ్మ వైపే కళ్ళు తిప్పుకుంది. చూస్తూ పడుకుంది.

ఆయన వాకిట్లో కుంపటి మీద గంజి కాచి తెచ్చి పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. కళ్ళు సగం తెరిచి గోడవైపే ఉన్నాయి. గంజి గిన్నె పట్టుకుని, అది చల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

పక్కింటి మునిరత్నమ్మ పరుగున వచ్చింది. దుప్పటి తీసి, "అయ్యో, కాళ్ళు కడుపులోకి ముడుసుకోనుండాదే అక్క! సలేసిందేమో," అంటూ మెల్లగా చాపింది.

చలి కాదని చెంగయ్యకు తెలుసు. కాలు కదిపితే విలవిల్లాడే మనిషి. ఎంత నొప్పిని ఓర్చుకుని ముడుచుకుందో! ఆయన తలెత్తి గోడ మీది ఆయమ్మను చూశాడు.

చావింట్లో దేవుడి పటాల ముఖం గోడవైపు తిప్పాలి. మునిరత్నమ్మ లక్ష్మీదేవిని తిప్పి, చీనా బొమ్మల దగ్గర ఆగింది. "ఇవి గూడా సామి పటాలేనా అన్నా?"

"ఆయమ్మను తిప్పమ్మా," అన్నాడు చెంగయ్య. "మీ అక్కకి సామే."

మైల తీరిన రోజు ఆయమ్మ పటాన్ని మళ్ళీ ఇటు తిప్పాడు. దేవుడి పటం అంత కింద ఉండకూడదని నలుగురూ చెప్పారు. ఆయన మేకు మార్చలేదు. కింద కూర్చుని, అద్దం తుడిచి, సీసా మూత తీశాడు.

మంచం తీసేసిన గదిలో, మోకాలెత్తున, చందమామ వైపు పోతున్న ఆయమ్మ నుదుట కుంకం బొట్టు ఇంకా తడిగానే ఉంది.