తర్జుమాలో మింగేసిన ముక్క

ప్రపంచంలో ఏ దేశం భద్రమో తేల్చే పని ఒక స్టేషన్ మాస్టరు చేతిలో పడితే ఎలా ఉంటుందో ఫణిశ్రీకి నెల రోజులుగా అనుభవంలోకి వస్తోంది. మెక్సికో అంటే తుపాకులన్నాడు తండ్రి మోహనకృష్ణ. కొలంబియా పేరు పూర్తిగా పలకనివ్వనేలేదు. స్పెయిన్ మంచిదేగానీ జేబుదొంగలెక్కువని టీవీలో ఎవరో చెప్పారట. మన రైళ్లలో జేబుదొంగలు లేరా అని ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన ముందు రైళ్లను అనడం కన్నా ఊరుకోవడం నయమని ఊరుకుంది.

ఫణిశ్రీ రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో, ఉక్కు మిల్లులకు యంత్రాలు అమ్మే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఈమధ్య స్పానిష్ మాట్లాడే కొనుగోలుదార్లు ఎక్కువయ్యారు. ఉత్తరాలైతే చక్కగా రాస్తుంది. ఫోన్లో వాళ్లు గడగడా అందుకునేసరికి మాత్రం గొంతులో వెలక్కాయ పడుతుంది. ఆ భాష మాట్లాడేవాళ్ల ఇంట్లో నాలుగు నెలలుండి వస్తే ఆ విభాగం నీదేనన్నాడు మేనేజరు. సోమవారంలోగా దేశం పేరు చెప్పకపోతే ఆ అవకాశం పక్క సీటులోని హేమంత్‌కి పోతుంది. హేమంత్ వాళ్ల నాన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. మగపిల్లాడు మరి, వాడికి అన్ని దేశాలూ భద్రమే.

చివరికి చిక్కుముడి విప్పింది మామ్మ బంగారమ్మ, అదీ పొరపాటున. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే కోడలిగా ఈ ఊరొచ్చింది. తల్లి లేని ఫణిశ్రీని పెంచింది కూడా ఆవిడే. మనవరాలు "కోస్తా రికా" అని చదువుతుంటే ఆవిడ చెవిలో మొదటి మాటే పడింది.

"కోస్తా అయితే ఇంకేటే! మనోల్లే గదా! కోస్తా పిల్లని కోస్తాకి పంపడానికి ఇంత పంచాయితీ ఏట్రా కిష్ణా?"

"అమ్మా, అది మన కోస్తా కాదు. దునియాకి ఆ చివరుంది" అన్నాడు మోహనకృష్ణ.

"ఏ చివరుంటేనేటి, సముద్రం లేదేటి?"

"రెండు పక్కలా ఉంది మామ్మా. వాళ్ల భాషలోనూ కోస్తా అంటే సముద్రపు ఒడ్డే" అంది ఫణిశ్రీ నవ్వాపుకుంటూ.

"మరదే నాను సెప్పింది!"

ఆ దేశానికి సైన్యమే లేదని ఫణిశ్రీ చెప్తే, మరి కాపలా ఎవడు కాస్తాడని మోహనకృష్ణ ఒక పూట బెంగపడ్డాడు. తర్వాత కొంచెం మెత్తబడి ఒక షరతు పెట్టాడు. "అవతలి స్టేషన్‌తో మాట్లాడకుండా బండి వదలడం నా సర్వీసులో లేదు. నువ్వుండబోయే ఇంటావిడతో నేను మాట్లాడాలి. నువ్వే మధ్యలో ఉండి చెప్పు."

అసలే ఫోన్లో స్పానిష్ అంటే ఫణిశ్రీకి బెదురు, అయినా సరేనంది. నిజానికి భయమంటే ఏమిటో ఆమె కోస్తా రికా వెళ్లి నేర్చుకోనక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి తెలీబంధా చెరువు పక్కగా ఆటో కోసం నడుస్తుంటే, రెండు నెలలుగా ఒకడు బైకు మీద వెనకాలే వస్తున్నాడు. ఒకసారి పేరు పెట్టి పిలిచాడు కూడా. నాన్నకి తెలిస్తే విదేశం మాట అటుంచి, ఉన్న ఆఫీసే మాన్పిస్తాడు. అందుకని దారి మార్చుకుంది గానీ ఇంట్లో చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే ఫోన్ కలిపారు. అక్కడ ఇంకా శనివారం సాయంత్రమే. మోహనకృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. తెర మీద దోన్య మెర్సెడెస్ కనిపించింది. దోన్య అంటే మన అమ్మగారు లాంటిదే. నెరిసిన జుట్టు, వెనక వంటిల్లు. ఇంట్లో ఎవరెవరుంటారు, తలుపులకి గడియలున్నాయా, అన్నం దొరుకుతుందా అని ఆయన అడిగినవన్నీ ఫణిశ్రీ తడబడుతూనే దాటించింది.

"రాత్రిపూట ఆ ఊళ్లో ఆడపిల్ల ఒంటరిగా నడవొచ్చా? అడుగు."

దోన్య మెర్సెడెస్ కళ్లజోడు తీసింది. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఫణిశ్రీకి ప్రతి మాటా అర్థమైంది, అదే వచ్చిన చిక్కు. పోయినేడు తన ఇంట్లో ఉన్న ఒక విద్యార్థిని మీద బస్టాపు వెనక సందులో ఎవడో దాడి చేశాడు. ఆ పిల్ల చెయ్యి విరిగింది. అప్పట్నుంచీ చీకటి పడితే తనే బస్టాపుకి వెళ్లి పిల్లల్ని తీసుకొస్తోంది.

"చీకటి పడితే తనే బస్టాపుకొచ్చి తీసుకెళ్తారట నాన్నా" అంది ఫణిశ్రీ.

మోహనకృష్ణ ఫోన్ వంక కాదు, కూతురి వంక చూశాడు. "ఆవిడ అంతసేపు మాట్లాడితే నువ్వొక్క ముక్కలో తేల్చేశావేటి? బీచ్ మే, ఆ మధ్యలో ఏముందో అది చెప్పు."

"ఏం లేదు, అదే..."

"గరగరలాడే ఫోన్లలో మాటలు వినీ వినీ ముసలాణ్ణవుతున్నాను. నాకు భాష తెలీదు గానీ, గొంతు ఎక్కడ బరువెక్కిందో తెలుస్తాది. మొత్తం చెప్పు."

ఇంక దాచుకోలేక మొత్తం చెప్పింది. "ఓలమ్మో" అని బంగారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయిపోయింది, సోమవారం హేమంత్‌దే అనుకుంది ఫణిశ్రీ.

"ఆ పిల్లకి అలాగయ్యాక ఈవిడేం చేసిందో అడుగు" అన్నాడు మోహనకృష్ణ.

అడిగింది. ఈసారి జవాబంతా వాక్యం వాక్యం తండ్రికి చెప్పింది. ఆ పిల్లని ఆవిడే ఆస్పత్రికి తీసుకెళ్లింది. పోలీసుల దగ్గర పక్కనే కూర్చుంది. ఆ పిల్ల తల్లికి తనే ఫోన్ చేసి చెప్పింది. అప్పట్నుంచీ అడిగిన ప్రతి తల్లికీ తండ్రికీ ఈ సంగతి చెప్తోంది. కొందరు విని పిల్లల్ని పంపడం మానుకున్నారు. మీరు మానుకున్నా నేనేమీ అనుకోను అంది.

"ఆ ఇల్లు భద్రమే" అన్నాడు మోహనకృష్ణ. ఫణిశ్రీకి ఊపిరి అందేలోపే రెండో మాట వచ్చింది. "నాకు నమ్మకం లేనిది నీ మీద. నా ఎదురుగా కూర్చునే దాచీసావు. రేపు అక్కడేదైనా అయితే నాకు చెప్తావా? ఇంకేటి దాచావు ఇప్పటిదాకా?"

ఏమీ లేదంటే సరిపోయేది. బహుశా నమ్మేవాడు కూడా. ఇంకొక్క అబద్ధం ఆడితే కోస్తా రికా దక్కుతుంది, నిజం చెప్తే ఉన్నది కూడా పోతుంది. కానీ ఆయన ముఖంలోకి చూస్తూ ఆ ఒక్క మాట అనలేకపోయింది. తెలీబంధా గురించి, బైకు గురించి తలొంచుకుని చెప్పేసింది.

"రెండు నెల్లా?" అన్నాడు మోహనకృష్ణ. "నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు వాణ్ణి ఆపలేవు నాన్నా. నన్ను ఆపుతావు."

ఆ మాట ఆయనకు ఎక్కడో గట్టిగానే తగిలింది. బంగారమ్మ కూడా కొడుకుని వెనకేసుకురాలేదు. తెర మీద దోన్య మెర్సెడెస్‌కి ఏమీ అర్థం కాకపోయినా కదలకుండా చూస్తోంది.

"రేపు పొద్దున్న పోలీసులకి చెబుదాం. సాయంత్రం తెలీబంధా దగ్గర నేనుంటాను. ఆఫీసు మానక్కర్లేదు" అన్నాడు మోహనకృష్ణ. తర్వాత ఫోన్ వైపు తిరిగాడు. "ఇప్పుడు ఆవిడికి ఇది చెప్పు. ఒక్క మాట తగ్గించకు. మా అమ్మాయి మీ ఇంటికొస్తాది. దానికి భయమేస్తే చెప్పదు. బాగున్నావా అంటే బాగున్నాననే అంటాది. తప్పు దానిది కాదు, మేం అలాగ అలవాటు చేశాం. అంచేత మీరు రెండోసారి కూడా అడగండి."

ఫణిశ్రీ మొదలుపెట్టింది. "మా అమ్మాయి" అని తన గురించి తనే చెప్పాల్సి వచ్చింది. భయం అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ అందుకుని చివరిదాకా చెప్పింది.

దోన్య మెర్సెడెస్ తలూపి, ఆమెనే నేరుగా అడిగింది, బాగున్నావా అని.

"బాగున్నాను" అంది ఫణిశ్రీ అలవాటు చొప్పున.

దోన్య మెర్సెడెస్ మళ్లీ అడిగింది.

ఫణిశ్రీ ఈసారి లేదంది. రెండు నెలలుగా చాలా భయంగా ఉందని ఏడుస్తూనే స్పానిష్‌లో చెప్పింది. మాటల కోసం వెతుక్కోలేదు.

"ఏటంటోంది ఆవిడ? నువ్వేటన్నావు?" అన్నాడు మోహనకృష్ణ కంగారుగా.

ఆవిడ అడిగిందీ, తను చెప్పిందీ, రెండూ తండ్రికి తెలుగులో చెప్పింది ఫణిశ్రీ.