చివరి జాకీ

ప్రతి ఉదయమూ సెంట్రింగ్ మేస్త్రి స్లాబు కిందికి వెళ్లి, దాన్ని మోస్తున్న ఇనుప జాకీలను ఒక్కొక్కటిగా అరచేత్తో తట్టి చూసేవాడు. వదులైనదాన్ని బిగించేవాడు. పైన అతని భార్య స్లాబు ఆరిపోకుండా గొట్టంతో నీళ్లు పట్టేది. ముప్పై ఏళ్లుగా ఇదే పని.

కాంక్రీటు ముదరడానికి పద్నాలుగు రోజులు కావాలి. జాకీలకు మాత్రం రోజువారీ అద్దె. కనుక కాంట్రాక్టరు ఏడో రోజునే వాటిని తీయించి వేరే సైటుకు తరలించేవాడు. అయినా ఏ స్లాబూ కూలలేదు. చివరి జాకీ తీసినవాడి మెడ మీదికి ఆ బరువు వచ్చి చేరుతుంది; కాంక్రీటు ముదిరేదాకా వాడే మోయాలి. చివరిది మేస్త్రి తీయడం ఆనవాయితీ. బరువు మోసే ఆ రోజుల్లో అతడు వంగి నడుస్తుంటే కూలీలు పక్కకు తప్పుకునేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఈసారిది పెద్ద హాలు. కిందటి స్లాబుకు వంగిన మేస్త్రి మెడే ఇంకా పూర్తిగా లేవలేదు.

"ఇది గనక ఎత్తుకున్నావా, నిన్ను నలుగురు ఎత్తుకోవాల్సిందే," అన్నది భార్య.

ఏడో రోజున కాంట్రాక్టరు లారీతో దిగాడు.

"ఏం మేస్త్రీ, ఒక్కటీ కదల్లేదే? అద్దె మీ మామ కడతాడా?"

"ఇంకో వారం ఆగండి సార్. ఇది నావల్ల కాదు."

"వారమా! అద్దెకు అద్దె, ఆపైన మీ ఇద్దరి కూలీ. నా తల పగిలిపోతుంది."

"పగిలితే అతకడానికి సిమెంటుంది కదా సార్," అన్నది భార్య పైనుంచి.

"రేపట్నుంచి ఇద్దరూ రావద్దు. సుత్తి దెబ్బకు ఊడేదానికి మేస్త్రి ఎందుకు?"

మేస్త్రి సుత్తిని అతని చేతికిచ్చి గేటు దాకా నడిచాడు. డ్రైవరూ క్లీనరూ జాకీలన్నీ తీసి లారీకి ఎక్కించారు. చివరిదాని దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

"మాకు లారీ బరువు చాలు సార్," అన్నాడు డ్రైవరు.

ఇన్నేళ్లు ఒక ముసలివాడు మోసినది ఎంత ఉంటుందిలే అనుకున్నాడు కాంట్రాక్టరు. తనే కొట్టాడు.

జాకీ నేల మీద పడింది. అతను మెడ వంగి ముందుకు తూలాడు. మేస్త్రి వెనక్కి వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

"కాళ్లు ఎడంగా పెట్టండి. ఊపిరి బిగబట్టకండి. మొదటి మూడు రోజులే కష్టం."

"జాకీ... మళ్లీ పెట్టు."

"పెట్టినా దిగదు సార్. ముదరాలి."

కాంట్రాక్టరు స్తంభానికి చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. నేలకేసి చూస్తూనే అడిగాడు.

"మన రెండో సైటులో స్లాబు పోసి ఎన్నాళ్లయింది?"

"రేపటికి ఏడు."

"పొద్దున్నే మీరిద్దరూ అక్కడికి వెళ్లండి. ఎవర్నీ జాకీ ముట్టుకోనివ్వకండి."