చెల్లి వంతులో నా గొంతు

పాటకు పట్టేస్తున్న గొంతును బాగు చేయమని వెళితే, గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా పెట్టి, బుడగలు ఊదమనే టీచర్ దొరికింది నాకు. పాడేవాళ్లంతా ఆవిడను బుడగల టీచర్ అనే పిలుస్తారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మొదటిరోజే లేచి వచ్చేద్దామనుకున్నాను కానీ, అప్పటికే వ్యవహారం పీకల మీదికి వచ్చింది.

నేనూ మా చెల్లీ జంటగా పాడతాం. పేరున్న పాటల బృందం ఒకటి జంట గొంతుల కోసం వెతుకుతూ మమ్మల్ని పిలిచింది. ఇద్దరూ నచ్చితేనే తీసుకుంటారట, ఒకరు నచ్చితే లాభం లేదు. తీసుకుంటే చెల్లి మందుల షాపు కౌంటరూ, నేను కుట్టుమిషనూ వదిలేసి పాటే పనిగా బతకొచ్చు. లేకపోతే మా వయసుకి ఇంకో పిలుపు వస్తుందన్న ఆశ నాకు లేదు. సరిగ్గా అప్పుడే, రెండో చరణం చివర నేను పైస్థాయిలో అందుకోవలసిన స్వరం దగ్గర నా గొంతు పట్టేయడం మొదలైంది. దారం చిక్కుపడిన మిషన్‌లా టక్కున ఆగిపోయేది. డాక్టర్ లైటు వేసి చూసి, లోపమేమీ లేదు, ఉత్త బిగుతు అన్నాడు. బిగుతుకు మందు మాత్రం రాయలేదు.

వంటింట్లో బుడగలు ఊదుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, చేపల్ని కూడా పెంచుతున్నామా అని అడిగాడు. నేను చూసిన చూపుకి మళ్లీ ఆ ఊసెత్తలేదు. నమ్మబుద్ధి కాలేదు గానీ బుడగలు పనిచేశాయి. దవడ వదులు చేసి, నాలుకను కింది పళ్లకు ఆనించి, ఊపిరిని తోయకుండా వదిలితే ఆ స్వరం హాయిగా వచ్చేసింది. టీచర్ గదిలో వచ్చింది, వంటింట్లో వచ్చింది. చెల్లి పక్కన నిలబడగానే పోయింది.

ఆ సంగతి చెబితే టీచర్ చెల్లిని తీసుకురమ్మంది. దాన్ని పాడమని, నన్ను ఊరికే నిలబడమని, తన రెండు వేళ్లు నా గడ్డం కింద ఆనించి పెట్టింది. రెండో చరణంలో నా స్వరానికి ముందు దాని వంతు ఒకటుంది. అందులో ఒక మలుపు దగ్గర అది ఎప్పుడూ శ్రుతి జారుతుంది. ఆరోజూ జారింది. టీచర్ దాన్ని బయటికి పంపి తలుపు వేసింది.

"నోరు మూసుకునే ఉన్నావు, గొంతు మాత్రం పాడుతూనే ఉందమ్మా" అంది. "ఆ పిల్ల వంతు కూడా నువ్వే పాడేస్తే నీ వంతుకి ఏం మిగులుతుంది?"

నాకు ఒళ్లు మండింది. అమ్మ డ్యూటీకి వెళితే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట నేర్పింది నేను. ఆ మలుపు రాగానే అది నా వైపు చూస్తుంది. అప్పుడు నా ఊపిరితో దాన్ని పైకి లాగకపోతే ఇంకెవరు లాగుతారు? ఇదంతా గడగడా అనేశాను. టీచర్ ఓపిగ్గా విని, లాగితే నీ గొంతు పోతుంది, లాగకపోతే ఏమవుతుందో నాకూ తెలియదు అంది. అంత ధైర్యం చెప్పే టీచర్‌ని నేనింకెక్కడా చూడలేదు.

పరీక్ష రోజు మమ్మల్ని స్టూడియోలో అద్దం వెనక నిలబెట్టారు. అవతల బృందం నడిపే పెద్దాయన, ఇంకో ఇద్దరు. ఎర్రలైటు వెలిగింది. పల్లవీ, మొదటి చరణమూ సాఫీగా గడిచాయి. పెద్దాయన మొహంలో ఏ భావమూ లేదు. రెండో చరణం మొదలైంది. దాన్ని లాగితే నా స్వరం పట్టేస్తుంది. వదిలేస్తే దాని శ్రుతి జారుతుంది. ఎటు చూసినా ఇద్దరం కలిసే మునుగుతాం.

చెల్లి వంతు వచ్చింది. నేను పెదాలు కలిపి, పళ్లు విడదీసి, నాలుకను కింద పడుకోబెట్టాను. మలుపు దగ్గర పడుతున్న కొద్దీ గడ్డం దానంతటదే లేవబోయింది. వదిలేయ్, వదిలేయ్ అని దవడను బతిమాలుకున్నాను. చెల్లి నా వైపు తిరిగింది. రద్దీ రోడ్డు మధ్యలో పసిపిల్ల చెయ్యి వదిలేసినట్టు అనిపించింది. అయినా మెడ కదలనివ్వలేదు.

చెల్లి నన్ను చూస్తూనే మలుపు తిరిగింది. జారలేదు. స్వరం ఉండాల్సిన చోట నిలబడింది. ఆశ్చర్యపోయే తీరిక కూడా లేకుండా నా వంతు వచ్చేసింది. నోరు తెరిచాను. గొంతు ఎక్కడా అడ్డుపడలేదు. ఆ పైస్వరం మీద ఇంకాసేపు ఉండాలనిపించేంత హాయిగా ఉంది.

పాట అయ్యాక పెద్దాయన మైకులో, వచ్చే వారం నుంచి ఇద్దరూ రండి అన్నాడు, అంతే. బయట వసారాలో, వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల పక్కన రెండు కుర్చీల్లో కూలబడ్డాం. దాని చెయ్యి పట్టుకుని, నేను సాయం చేయకపోయినా ఎలా నిలబెట్టావే అని అడిగాను.

చెల్లి తన చెప్పులకేసి చూస్తూ చెప్పింది.

"అక్కడికి రాగానే నీ మెడ మీద నరం లేస్తుందక్కా. అది చూడగానే, నేను తప్పబోతున్నానని నీకు తెలిసిపోయిందనుకునేదాన్ని. వెంటనే తప్పేదాన్ని. ఇవాళ లేవలేదు."

"ఇన్నేళ్లూ చూస్తూ ఒక్క మాట చెప్పలేదేం?"

"నాకు సాయం చేస్తున్నాననుకుంటున్నావు కదా. ఎలా చెప్పను?"

కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకున్న నాటి నుంచీ దాని భయం నేనేనని తెలిసి, నా గుండె చెరువైపోయింది. సెలెక్టయిన సంతోషంతో ఏడుస్తున్నాననుకుని పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చెల్లి కూడా అలాగే అనుకోవాలని, తల వంచుకుని నవ్వాను.