అది రాలేదు

ఆదివారం లోపు కొట్టు ఖాళీ చేసి ఇవ్వాలి. బిల్డింగు పడగొడుతున్నారు. ఆలోగా మా అత్త ఒక్కసారి వచ్చి లోపల అడుగు పెట్టాలని నాన్న కోరిక. అత్త రానంది.

"నన్ను పిలవలేదు కదరా" అంది ఫోన్లో.

"ఇప్పుడు నేను పిలుస్తున్నాను కదక్కా."

"నువ్వు కాదు."

పిలవాల్సిన మనిషి మా తాత. నేను పుట్టకముందే పోయాడు.

అది కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. తాత పెట్టాడు, తర్వాత నాన్న నడిపాడు. మధ్యలో కొన్నేళ్ళు అత్త కూడా తాత పక్కన కూర్చుని పని చేసింది. ఆ రోజుల్లోనే పెద్ద బజారులో ఒక కంపెనీ కొత్త మిషన్ల షోరూము తెరిచింది. కొన్నవాళ్ళకు నడపడం నేర్పడానికి, చిన్న రిపేర్లు చూడడానికి మనిషి కావాలన్నారు. అత్త వెళ్తానంది. తాత చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే అన్నాడట: "నేర్చుకునేది ఇక్కడ, అమ్ముకునేది అక్కడా? వెళ్తే వెళ్ళు. నేను పిలిస్తే తప్ప రావొద్దు."

"పిలిస్తేనే వస్తాను" అంది అత్త.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. ఇక ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా. అత్త వేరే గది తీసుకుంది. షోరూములో ఉద్యోగం, తర్వాత పెళ్ళి. నాన్న పెళ్ళి హాల్లో జరిగింది కాబట్టి దానికి వచ్చింది. తాత ఒక మూల కూర్చున్నాడు, అత్త ఇంకో మూల. ఇద్దర్నీ ఒకే ఫొటోలోకి తేవడానికి ఫొటోగ్రాఫరు చెమటలు కక్కి చివరికి మానుకున్నాడు. తాత పోయిన రోజు అత్త వీధిలో నిలబడింది. బయటికి తెచ్చాక చూసి వెళ్ళింది. గడప దాటలేదు.

ఖాళీ చేసే పని నాకూ నాన్నకూ పడింది. బీరువాలు, బల్లలు, పాత మిషను తలలు పాత ఇనుము కొనే అతనికి పోతున్నాయి. అటక మీద సంచుల్లో రసీదు పుస్తకాలు దొరికాయి.

"చిత్తు కాగితాలవాడికి పడెయ్" అన్నాడు నాన్న.

నేను ఒకటి తెరిచి అక్కడే కూర్చున్నాను. తాత ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో ముఖం మీద ఎండ పడి కళ్ళు కనిపించవు. ఆయన ఎవరికీ ఉత్తరం రాసినట్టు లేదు. ఆయన రాత ఉన్నదంటే ఈ పుస్తకాల్లోనే.

ఆయన పద్ధతి ఒకటే. కార్బన్ పెట్టి రసీదు రాసి, పై కాగితం చింపి మిషను తెచ్చిన మనిషికి ఇచ్చేవాడు. మనిషి వెళ్ళాక అడుగు కాగితం మీద తన కోసం పెన్సిలుతో ఒక మాట రాసుకునేవాడు. మనుషుల పేర్లు రాసే అలవాటు లేదు. పచ్చ గేటు ఆవిడ. గట్టిగా మాట్లాడే టైలరు. ఆ టైలరు తమ్ముడు, మెల్లగా మాట్లాడతాడు. "రోజూ వచ్చి అడుగుతుంది. ముందు ఈమెది చెయ్యి." "ఇతని మిషనుకు ఏమీ కాలేదు. ఇంట్లో కూర్చోలేక తెచ్చాడు."

నాన్న పుట్టిన రోజున ఒకే రసీదు ఉంది. అడుగున, "అబ్బాయి. ఇద్దరూ బాగున్నారు." కొన్ని పుస్తకాల తర్వాత ఒక పేజీ ఖాళీ. మరుసటి పేజీలో "మళ్ళీ తెరిచాను" అని మాత్రం ఉంది. అది నాయనమ్మ పోయినప్పుడు. అక్కణ్ణుంచి అక్షరాలు గుండ్రంగా మారాయి. అవి అత్తవి. తాత వెనక గదిలో వంట చేస్తుంటే బడి నుంచి వచ్చిన అత్త రసీదులు రాసేదట. ఆమె కూడా అడుగున రాసేది: "నాన్న దీని బెల్టు బిగించడం మర్చిపోయాడు. నేను బిగించాను. చెప్పలేదు."

ఆ గుండ్రటి రాత చాలా ఏళ్ళు నడిచి, ఒక పుస్తకం మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ తాత వాలు రాత మొదలైంది. కొన్ని పేజీలు పోయాక పెన్సిలుతో కొత్త మాట కనిపించింది: "అది రాలేదు."

ఇంకొన్ని పేజీల తర్వాత మళ్ళీ. "అది ఇవాళా రాలేదు." ఆ పుస్తకంలో, తర్వాతి దాన్లో, ఆ తర్వాతి దాన్లో.

"నాన్నా, ఏది రాలేదు?"

నాన్న చేతిలో పని ఆపి నవ్వాడు. "అదా. షటిలు."

ఆ కథ చెప్పాడు. అత్త వెళ్ళాక కొట్లో నాన్న కూర్చోవాల్సి వచ్చింది. పని రాదు. ఒకరోజు పుస్తకం తిరగేస్తే ఈ మాట కనిపించింది. పైన చూస్తే రిపేరు షటిలుది, అంటే మిషను అడుగున కింది దారం తిప్పే పార్టుది. తాత ఆ పార్టు రాలేదని రాసుకున్నాడనుకుని నాన్న కంపెనీకి ఉత్తరం రాసి తెప్పించాడు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే మాట. మళ్ళీ తెప్పించాడు.

"పార్సెలు విప్పుతుంటే, ఇదేంట్రా అన్నాడు. నువ్వే రాశావుగా, అది రాలేదని, అన్నాను. కాసేపు నా మొహం చూసి, సరే పెట్టు అన్నాడు. ఆయన చెప్పే రకం కాదు, మనమే కనిపెట్టి చెయ్యాలని నేను ఇంకా పుంజుకున్నాను. బాబిన్ కేసులు, బెల్టులు, ఏది రాలేదో తెలీక అన్నీ తెప్పించాను. కంపెనీవాళ్ళకు పార్టులు కావాలంటే మన దగ్గరికే రావాలి, అన్ని పోగయ్యాయి."

"ఈ రసీదులో పని నూనె వేసి తుడవడమేగా? నూనెకు ఏ పార్టు రావాలి?"

"ఏదో రాసుంటాడు ముసలాయన. లే, ఆ బల్ల పట్టుకో."

నేను మూడు పుస్తకాలు సంచిలో వేసుకున్నాను. తన గుండ్రటి రాత చూస్తే అత్త మనసు మారుతుందేమోనని ఆశ.

అత్త ఉండేది రెండో అంతస్తులో. మామయ్య పోయాక ఒక్కతే. తలుపు తీసి నన్నూ సంచినీ చూసింది.

"మీ నాన్న పంపాడా?"

"నేనే వచ్చాను."

"అయితే కాఫీ. వాడు పంపితే మంచినీళ్ళే."

కళ్ళజోడు పెట్టుకుని మొదటి పుస్తకం తెరిచింది. తన రాత కంటే ముందు తాత రాతే చదివింది. "గట్టిగా మాట్లాడే టైలరు" దగ్గర నవ్వింది. "వాడు వస్తే మిషను ఆపేసేవాళ్ళం. ఎలాగూ వినపడదు." బెల్టు సంగతి చదివి, "ఇది మా నాన్న చూసే ఉంటాడు. చూసి ఊరుకున్నాడు" అంది. రెండో పుస్తకం తీసుకుంది. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను. కొట్టు సంగతి ఎత్తడానికి అదను చూస్తున్నాను.

ఫోన్ మోగింది. అత్తకు ఒక చెవి సరిగా వినపడదు, స్పీకరు పెడుతుంది. నాన్న గొంతు.

"అక్కా, అది వచ్చిందా?"

"వచ్చింది. రసీదులు కూడా మోసుకొచ్చింది."

"దాన్ని త్వరగా పంపు. ఇక్కడ బోలెడు పనుంది."

అత్త ఫోన్ పెట్టేసి పుస్తకం వైపు తిరిగింది. వేలు పేజీ అడుగున ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఏది రాలేదని రాశాడు?" అంది.

షటిలు కథ చెప్పాను. నాన్న చెప్పినట్టే నవ్వొచ్చేలా చెప్పాను. ఆమె నవ్వలేదు. వెనక్కి ఒక పేజీ, ముందుకు కొన్ని పేజీలు తిప్పింది. తాత తారీఖు పక్కన వారం కూడా రాసేవాడు.

"ఇదేం వారం? అక్షరం చిన్నగా ఉంది, చదువు."

"గురువారం."

"ఇది?"

"గురువారం."

ఇంకోటి అడిగింది. అదీ గురువారమే. మూడో పుస్తకం తెరిచి అడగడం మానేసి తనే చూసుకుంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"షోరూముకు గురువారం సెలవు" అంది.

నాకు వెంటనే అందలేదు.

"ఇప్పుడు మీ నాన్న నిన్నేమన్నాడు?"

"త్వరగా పంపమన్నాడు."

"అంతకు ముందు."

"అది వచ్చిందా అన్నాడు."

"మా నాన్నా అంతే. అదేది? అది తిన్నదా? దాన్ని లేపు. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు నాకు." పుస్తకం మూస్తూ అంది, "గురువారం నేనూ ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదు. పొద్దున్నే తల దువ్వుకుని కూర్చునేదాన్ని. కబురొస్తుందేమోనని. మీ మామయ్య సినిమాకు వెళ్దామంటే తలనొప్పనేదాన్ని. నాకు గురువారం తలనొప్పి వస్తుందని ఆయన డాక్టరుకు కూడా చెప్పాడు."

కాఫీ గ్లాసులు తీసుకెళ్ళి కడిగింది. తిరిగొచ్చి, "మీ నాన్నను రమ్మను. ఫోన్లో వద్దు" అంది.

నాన్న సాయంత్రం వచ్చాడు. చేతులకు తుప్పు మరకలు అలాగే ఉన్నాయి. కుర్చీ అంచున కూర్చుని అత్త చూపించిన పేజీలు ఒక్కొక్కటీ చదివాడు. ఆయన ఎన్నోసార్లు చదివినవే.

"నేను షటిలు అనుకున్నానక్కా."

"తెలుసు. చెప్పింది."

"నాకు చెప్పొచ్చుగా. ఒరేయ్, షటిలు కాదురా, మీ అక్కరా అనొచ్చుగా. నేను పరిగెత్తుకొచ్చేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు. నువ్వొస్తే ఆయన పిలిచినట్టవుతుంది."

నాన్న పుస్తకం మూశాడు, తెరిచాడు. "ఇంకోటుంది" అన్నాడు.

"చెప్పు."

"చివర్లో మంచం మీద ఉన్నప్పుడు రోజూ అడిగేవాడు. అది వచ్చిందా, అది వచ్చిందా అని. జ్వరంలో కూడా కొట్టు ధ్యాసే అనుకున్నాను. రాలేదంటే నిద్రపోడు. ఒకరోజు..." నాన్న నా వైపు చూసి మళ్ళీ అత్త వైపు తిరిగాడు. "వచ్చింది నాన్నా, బీరువాలో పెట్టాను అన్నాను."

అత్త ముందుకు వంగింది. "ఏమన్నాడు?"

"బీరువాలోనా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పై అరలో అన్నాను."

అత్త నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నన్ను పై అరలో పెట్టావట్రా" అంది. నాన్నకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా నవ్వారు. తర్వాత అత్త కొంగు నోటి మీంచి కళ్ళ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"మళ్ళీ అడిగాడా?" అంది కొంగు తీయకుండానే.

"లేదు. ఆ తర్వాత అడగలేదు."

"నమ్మాడంటావా?"

"ఏం నమ్ముతాడక్కా. తలుపు వైపు చూసి ఇటు తిరిగి పడుకున్నాడు."

ఆ రోజు కొట్టుకు రమ్మని నాన్న అడగలేదు. మెట్లు దిగుతున్నప్పుడు నేనే అన్నాను, అడగాల్సింది కదా అని. "ఏ మొహంతో?" అన్నాడు.

ఆదివారం పొద్దున తుడిచేసి తాళంచెవి కోసం వచ్చే మనిషి కోసం చూస్తున్నాం. గదుల్లో ఏమీ లేదు. మాటంటే మాట గోడకు తగిలి తిరిగొస్తోంది. అత్త వీధి మలుపు తిరిగి వస్తుంటే ముందు నేను చూశాను. నాన్నకు చెప్పలేదు. ఆమె వచ్చి గడప ముందు ఆగింది. నాన్న చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"పిలవవేంట్రా?"

"నేను కాదన్నావుగా."

"ఆయన రాయడమే తప్ప పిలవలేదు. నేను వినడానికి కూర్చున్నానే తప్ప రాలేదు. నువ్వు ఇద్దరి మధ్యా పార్సెళ్ళు మోశావు. ఇంకెవరున్నారు పిలవడానికి?"

"రా అక్కా" అన్నాడు నాన్న.

ఆమె లోపలికి వచ్చింది. ముందు గదిలో నాలుగు వైపులా చూసింది. వెనక గదుల్లోకి వెళ్ళింది. మంచం ఏ గోడకు వేసేవాళ్ళని అడిగితే నాన్న చూపించాడు. అక్కడ నిలబడి తలుపు వైపు చూసింది. అక్కణ్ణుంచి వీధి కనిపించదు, ముందు గది ఒక్కటే కనిపిస్తుంది.

"ఇంత చిన్నదా" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

మళ్ళీ ముందు గదిలోకి వచ్చి గోడకు చెయ్యి ఆనించింది. నాన్న అటూ ఇటూ వెతికాడు. పక్క కొట్లోకి తొంగి చూశాడు. దాన్నీ ముందే ఖాళీ చేసేశారు.

"మోకాళ్ళురా. కాసేపు కూర్చుంటే బాగుండు" అంది అత్త.

"కుర్చీలన్నీ నిన్ననే ఇచ్చేశామక్కా."

"ఒక్కటి ఉంచాల్సింది."

"నువ్వొస్తావని అనుకోలేదు" అన్నాడు నాన్న.