బాల్కనీకి ఒక టార్చి

ఈ సెలవులకు ఇంటికి వచ్చేవాళ్లందరికీ కానుకలు నువ్వే కొనాలని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఇన్నేళ్లూ ఆ పని వాళ్లమ్మ చూసుకునేది. వాళ్లమ్మ పోయి మూడో ఏడు నడుస్తోంది. ఆమె పోయిన ఏడు ఎవరూ ఎవరికీ ఏమీ కొనలేదు. నిరుడు అల్లుడు అందరికీ తువ్వాళ్లు కొన్నాడు. నాది గులాబీ రంగు. ఒక్క ఉతుకుతో ఆ రంగు నా బనియన్లన్నిటికీ పంచింది.

"అందరికీ అంటే ఎవరెవరికి?" అన్నాను.

"నాకు, ఆయనకి, పాపకి, అత్తయ్యకి, మామయ్యకి."

చివరి మాట గబుక్కున అనేసింది.

"నలుగురికి కొంటాను."

"ఐదుగురికి కొంటేనే రా నాన్నా. లేకపోతే ఈసారి నువ్వు మీ ఇంట్లో ఉండు, మేం మా ఇంట్లో ఉంటాం."

"మామయ్యకి కొనకపోతే నన్ను రావద్దంటావా?"

"రావద్దని నేనన్నానా? కొనమన్నాను."

నాకున్నది ఒక్క కూతురు. వెళ్లి కూర్చోవడానికి ఉన్న ఇల్లు కూడా అదొక్కటే. నేను చదివింది ఊరి బళ్లో, ఐదో తరగతి దాకా. ఈ లెక్కకు ఆ చదువు చాలు.

మామయ్య అంటే నా భార్య తమ్ముడు. అతనూ నేనూ ఒకే సినిమా హాల్లో పనిచేశాం. చీకట్లో వచ్చినవాళ్లకు టార్చి వేసి సీటు చూపించే పని. నేను కింద, అతను బాల్కనీలో. అందరూ అతన్ని బాల్కనీ అనే పిలిచేవాళ్లు. పెళ్లయ్యాక అతని భార్య కూడా అలాగే పిలిచింది. అతనికి ఆ పని ఇప్పించింది నేను. నేర్పింది కూడా నేనే.

నా భార్య వంటింట్లో పడిపోయిన రోజు పక్కింటావిడ హాలుకు ఫోన్ చేసింది. ఫోన్ మేడ మీద మేనేజరు గదిలో ఉండేది. ఎత్తింది బాల్కనీ. విషయం విన్నాడు. మెట్లు దిగి నేనుండే కింది హాలు తలుపు దాకా వచ్చాడు. వచ్చి బయటే నిలబడ్డాడు. ఇంటర్వెల్ దాకా నిలబడ్డాడు. సినిమా నడుస్తుండగా తలుపు తీస్తే హాల్లో వెలుగు పడుతుందని. ఆ లోపల రెండు పాటలు, ఒక ఫైటు అయిపోయాయి. మేం వెళ్లేసరికి ఆమె లేదు. పడగానే పోయి ఉంటుంది, మీరు ముందు వచ్చినా లాభం లేదని డాక్టరు అన్నాడు. డాక్టరు అక్కడ లేడు. నేనూ లేను. డాక్టరు లేకపోతే నాకేం.

ఆ రోజు నుంచి బాల్కనీతో నేను మాట్లాడలేదు. అతనికి కానుక కొనడమంటే నా దృష్టిలో జరిగిందేదో జరిగిపోయిందని ఒప్పుకోవడం. కొనకపోతే కూతురి గడప తొక్కేది లేదు.

టార్చీలు కొందామనుకున్నాను. ఇంకే వస్తువు గురించీ నాకు తెలియదు. పైగా అందరికీ ఒకే రకం ఇస్తే ఎవరి మీద ఎంత ప్రేమ ఉందో బయటపడదు. బట్టల్లో ఆ సౌకర్యం లేదు.

కరెంటు సామాన్ల కొట్టులో ఒకామె ఉంది. నా కూతురికన్నా చిన్నది.

"ఏం కావాలి బాబాయ్?"

"చిన్న టార్చీలు. ఛార్జింగు పెట్టుకునేవి."

గాజు బల్ల మీద వరసగా పేర్చింది. తాళంచెవులకు తగిలించుకునేది ఒకటి, నుదుటికి కట్టుకునేది ఒకటి, ఇంకొకటి సీసా అంత లావు.

"ఇది కిలోమీటరు దూరం కొడుతుంది బాబాయ్."

"కిలోమీటరు దూరంలో నాకెవరూ లేరు."

"పోనీ ఇది చూడండి. ఎక్కువ, తక్కువ, ఆరుతూ వెలుగుతూ ఉండేది, మూడు రకాలు."

"ఆరుతూ వెలుగుతూ ఎందుకు?"

"ఆపదలో ఉన్నామనుకోండి. చూసినవాళ్లు పరిగెత్తుకొస్తారు."

"వస్తారని నీకెవరు చెప్పారు?"

"డబ్బా మీద ఉంది బాబాయ్. నాతో గొడవెందుకు?"

కొట్టులో లైట్లు ఆర్పమన్నాను. పట్టపగలు లైట్లార్పితే మూసేశామనుకుంటారంది. చివరికి సరుకు పెట్టుకునే వెనక గదిలోకి పంపింది. ఫ్యాను డబ్బాల మధ్య మనిషి నడిచేంత సందు ఉంది. తలుపు వేసుకుని ఒక్కొక్కటీ నేల మీద వేసి చూశాను. వెలుగు కాళ్ల ముందు పడాలి. అంచు మెత్తగా ఉండాలి, కత్తితో కోసినట్టు ఉండకూడదు. అద్దం మీద వేళ్లు అడ్డం పెడితే కావలసినంతే బయటికి రావాలి. చాలా టార్చీలు వేళ్ల సందుల్లోంచి కూడా కళ్లు పొడిచాయి.

ఆమె తలుపు ఓరగా తీసింది. "బాబాయ్, ఉన్నారా? నిద్రపోయారా?"

"తలుపు వెయ్యి."

"నా కొట్టు బాబాయ్ ఇది" అంది. కానీ వేసింది.

బొటనవేలంత లావున్న ఇనప టార్చి ఒకటి బాగుంది. అవి నాలుగు ఇమ్మన్నాను. ఐదోది బల్ల చివర బుట్టలోంచి తీశాను. నొక్కులు పడ్డవి, గీతలు పడ్డవి అందులో పడేశారు. నేను తీసినదాని వెలుగు మధ్యలో నల్లటి మచ్చ ఉంది.

"అది తీసుకోకండి, బాగాలేదు."

"తెలుసు. తెలిసిన మనిషికే."

ఆమె నా వైపు చూసి సంచీలో వేసింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. బాల్కనీ మీట నొక్కగానే ఆ మచ్చ పట్టేస్తాడు. కోపంతో ఇచ్చానని అనుకోడు. బావకు టార్చి ఎంచడం చేతకాలేదని అనుకుంటాడు. అది నేను పడలేను. మచ్చదాన్ని బుట్టలో పడేసి ఐదోది కూడా ఇనపదే తీసుకున్నాను. ఇందులో దయ ఏమీ లేదు.

సెలవు రోజు మధ్యాహ్నానికి మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. బాల్కనీ దంపతులు అప్పటికే వచ్చి ఉన్నారు. హాలు మూసేసి సోఫాల దుకాణం పెట్టాక అతను ఒక పెద్ద భవనం కింద కార్లు నిలిపే చోట కాపలా పనిలో చేరాడు. జుట్టుకు రంగు వేశాడు. చెవులకు కూడా కొంచెం అంటింది.

"చిక్కిపోయారు అన్నయ్యగారూ" అంది అతని భార్య.

"నిరుడూ ఇదే అన్నావు."

"నిరుడూ చిక్కిపోయారు."

టార్చీలు పంచాను. అల్లుడు తనది చొక్కా జేబుకు పెన్నులా తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు. పాప తనది వెలిగించి అందరి ముఖాల మీదా వేసింది.

"ముఖం మీద వెయ్యకు" అన్నాను. సరిగ్గా అదే మాట బాల్కనీ కూడా అన్నాడు, అదే క్షణంలో. నాకు నచ్చలేదు.

మిగిలినదాన్ని టీవీ పక్కన పెట్టాను.

"అక్కడ పెట్టడం కాదు నాన్నా. చేతికివ్వు."

తీసి చేయి చాపాను. బాల్కనీ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నాకొద్దు బావా."

ఇది నేను అనుకోలేదు. ఇవ్వాలా వద్దా అని నేను నెల రోజులు తన్నుకున్నాను. తీసుకోకపోవడమనేది ఒకటి ఉంటుందని తట్టలేదు.

"ఎందుకొద్దు?"

"ముందు తిట్టు. అక్క పోయినప్పట్నుంచి ఒక్క మాటనలేదు నువ్వు. మూగవాడిలా టార్చి చేతిలో పెడితే నేనేం చేసుకోను? తిట్టి ఇవ్వు, తీసుకుంటాను."

అల్లుడు పాపను ఎత్తుకుని వంటింట్లోకి పోయాడు. మా అమ్మాయి కదల్లేదు.

"లోపలికి ఎందుకు రాలేదు?" అన్నాను. ఇన్నాళ్లు నోట్లో పెట్టుకు తిరిగిన మాట. బయటికి వచ్చాక చూస్తే చిన్నదే.

"తలుపు మీద చెయ్యి వేశాను బావా. లోపల సినిమా నడుస్తోంది."

"నడిస్తే?"

"సినిమా నడుస్తుండగా తలుపు తీస్తే చెయ్యి విరగ్గొడతానన్నావు, పనిలో చేరిన రోజే. ఒకసారి తీస్తే చెవి మెలేశావు కూడా, క్యాంటీను వాళ్లందరి ముందూ."

"ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం తీయొద్దన్నాను. మీ అక్క కోసం తీయొద్దన్నానా?"

"ఆ తేడా నువ్వు చెప్పలేదు."

"చెప్పాలా?"

బాల్కనీ కట్టుకున్న చేతులు విప్పాడు.

"చెప్పక్కర్లేదు" అన్నాడు. "పడిపోయింది మా అక్క. నాకే తెలియాలి. కాళ్లు రాలేదు బావా. తలుపు తీసి నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది. ఎలాగూ రూలుంది కదా అని నిలబడ్డాను."

నా రూలు వెనక దాక్కున్నాడు. ఆ మాటే అన్నాను. దద్దమ్మవన్నాను. పనికిమాలినవాడివన్నాను. ఆమె నీకు అన్నం కలిపి పెట్టి పెంచింది, నువ్వు ఆమెకు ఒక తలుపు తీయలేకపోయావన్నాను. ప్రతిదానికీ తల ఊపాడు. కళ్లు తుడుచుకోలేదు, వాటి మానాన వాటిని కారనిచ్చాడు.

"ఇంకా ఉందా?" అన్నాడు.

ఉందన్నాను. గుర్తు రాలేదు.

"గుర్తొచ్చినప్పుడు అందువుగాని. ఇవ్వు" అని చేయి చాపాడు.

ఇచ్చాను. వెలిగించి తన పాదాల మీద వేసుకున్నాడు. వేళ్లు అడ్డం పెట్టి చూశాడు. తీశాడు.

"అంచు మెత్తగా ఉంది."

"వెతికి కొన్నాను."

"నాకోసమా?"

"అందరికీ ఒకటే రకం."

భోజనాలయ్యాయి. అతనితో ఇంకేమీ మాట్లాడలేదు. ఉప్పు అందించమన్నాడు, అందించాను. బయల్దేరేటప్పుడు మా అమ్మాయి గుమ్మంలో అడ్డం నిలబడింది.

"వచ్చే నెల పాప పుట్టినరోజు. ఇద్దరూ వస్తున్నారుగా?"

"నేను వస్తాను. అతని సంగతి అతన్నడుగు."

"పక్కనే ఉన్నాడు కదా నాన్నా."

"అందుకే అడగమంటున్నాను."

వంగి చెప్పులు తొడుక్కుంటున్న బాల్కనీ వస్తానన్నాడు.

ఆ సాయంత్రమే మా అమ్మాయి చుట్టాలందరికీ ఫోన్లు చేసి, నాన్న మామయ్యను క్షమించేశాడని చెప్పిందట. నేను క్షమించలేదు. పుట్టినరోజుకు వెళ్తున్నాను, అంతే.